వాచ్‌మన్ లేని సాఫ్ట్‌వేర్

మా ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగమంటే నేనే. విభాగాధిపతినీ నేనే, ఆయన కింద పనిచేసే సిబ్బందినీ నేనే. విజయవాడలో ఒక ట్రస్టు నడిపే మధ్యరకం ఆసుపత్రి అది. భవానీపురంలో మా ఇంటి నుంచి స్కూటర్ మీద పావుగంట దూరం. రెండో అంతస్తులో ఎక్స్‌రే గది పక్కన ఉండే స్టోర్‌రూమ్‌ను నాకిచ్చారు. అందులో ఏసీ ఉంది. అది నాకోసం పెట్టింది కాదు, సర్వర్ కోసం పెట్టింది. అయినా మే నెలలో ఏ పనీ లేకుండా నా గదికి వచ్చి కూర్చునే డాక్టర్లను చూస్తే, నా విభాగం మీద ఆసుపత్రికి ఎంత గౌరవముందో అనిపించేది.

కొన్నేళ్ల కిందట ఒక వానాకాలం ఉదయం మా అడ్మినిస్ట్రేటర్ గారు పేపర్లో ఒక వార్త చదివారు. ఎక్కడో ఎవరిదో ఆసుపత్రిలో దొంగలు ఇంటర్నెట్ దారిన జొరబడి కంప్యూటర్లన్నిటికీ తాళాలు వేశారట. రోగుల వివరాలు తెరుచుకోవడం లేదట. ఆయన ప్రభుత్వ ఆడిట్ శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. ఆయన దృష్టిలో లోకంలోని వస్తువులు రెండే రకాలు. బిల్లు ఉన్నవి, అనుమానించాల్సినవి.

పదింటికి నన్ను పిలిపించారు. మనం వాడే సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా వచ్చినవి ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. ఎన్ని అన్నారు. ఉచితం కానివి ఎన్నో చెప్పడం తేలికని అన్నాను. సర్వర్‌ను నడిపేది, రికార్డులు దాచేది, ల్యాబ్ రిపోర్టులు అమర్చేది, ఒక్కొక్కటే చెప్పుకొస్తుంటే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఉచితంగా ఎందుకిస్తారండీ? ఏదో ఉంటుంది," అన్నారు.

లోకంలో కొంతమంది తీరిక వేళల్లో ఇలాంటివి రాసి అందరికీ కనపడేలా పెడతారని, ఎవరైనా చదివి తప్పులు చూపించవచ్చని, దిద్ది పంపవచ్చని నాకు తెలిసిన మేరకు వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, అయితే వాళ్లందరినీ తనిఖీ చేయాలన్నారు.

తనిఖీకి ఒక ఫారం కావాలి. కొనుగోళ్ల కమిటీ దగ్గర ఒకటి ఉండనే ఉంది. అంతకు ముందు ఏడాది జనరేటర్ కొన్నప్పుడు తయారుచేసింది. అందులో 'జనరేటర్' అని ఉన్నచోటల్లా 'సాఫ్ట్‌వేర్' అని మార్చి, కంప్యూటర్ భద్రత మదింపు పత్రం అని పైన కొత్త పేరు పెట్టి నాకు పంపారు. మార్చినాయన శ్రద్ధగానే మార్చాడు. అందుకే పదిహేడో ప్రశ్న 'సాఫ్ట్‌వేర్ పొగగొట్టం ఎత్తు ఎంత?' అని అడుగుతోంది. వర్తించదు అని రాశాను. ఆ జవాబు మీద కమిటీ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. పొగ రాదంటే మంచిదే కదా అనుకుని ఉంటారు.

దేనితో మొదలుపెట్టాలన్న దానికి అడ్మినిస్ట్రేటర్ గారు తనదైన పద్ధతి కనిపెట్టారు. వెబ్‌సైట్ బాగున్న వాళ్లను చివరికి పెట్టారు. బాగాలేని వాళ్లను ముందుకు తెచ్చారు. ఆ లెక్కన అందరికన్నా ముందుకొచ్చింది తెలుగు ప్రింటు ప్రోగ్రాం. దానికి ఉన్నది ఒకే పేజీ. అందులో బొమ్మ లేదు, నవ్వుతున్న ఉద్యోగుల ఫోటో లేదు.

చిన్న ప్రోగ్రామే గానీ అది లేకపోతే మా ఆసుపత్రికి చెయ్యి విరిగినట్టే. డిశ్చార్జి అయ్యే రోగికి మందులెలా వేసుకోవాలో తెలుగులో కాగితం ఇస్తాం. అది రాకముందు మా కాగితాల్లో ఒత్తులన్నీ ఊడి పక్కన పడేవి. 'రక్తం' కాస్తా 'రకతం', 'పథ్యం' కాస్తా 'పథయం' అయ్యేవి. 'అన్నం తర్వాత' అన్నది సున్నా, దీర్ఘం కూడా పోయి 'అనన తరవత' అని వస్తే, గుడివాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఈ మందు పేరు షాపులో ఎవరికీ తెలియదంటున్నారని కాగితం తిరిగి తెచ్చారు. ఆ ప్రోగ్రాం పెట్టాక ఒత్తులు బుద్ధిగా అక్షరాల కిందకి చేరాయి. అప్పటినుంచి నేను దాని సంగతే మర్చిపోయాను.

దాన్ని రాసినవాళ్లు ఏ జర్మనీలోనో ఉంటారని ఎందుకో నా నమ్మకం. మూడేళ్లకు పైగా వాడుతూ ఒక్కసారీ చూడలేదు. ఫారం నింపడానికి మొదటిసారి ఆ పేజీ అడుగుకంటా చదివితే, ఊరు అన్నచోట 'హనుమాన్ జంక్షన్' అని ఉంది. మా ఆసుపత్రికి గంట ప్రయాణం. మెయిల్ రాశాను. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి తెలుగులో జవాబు వచ్చింది. ఆదివారం ప్రార్థన ఉంటుంది, శనివారం పదింటికి రండి, టైర్ల షాపు పక్క సందు, అని.

కార్యాలయ తనిఖీకి ఇద్దరి సంతకాలు కావాలని ఫారంలో ఉంది. అందుకని అడ్మినిస్ట్రేటర్ గారు కూడా ఆసుపత్రి కారులో బయల్దేరారు. దారి పొడవునా ప్రశ్నలు గట్టిగా చదువుకుంటూ వచ్చారు.

తలుపు తీసినావిడకి అరవై దాటి ఉంటాయి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు బోధించి రిటైరైన లెక్చరర్. కార్యాలయం ఎక్కడండీ అని అడ్మినిస్ట్రేటర్ గారు అడిగితే డైనింగ్ టేబుల్ చూపించారు. దాని మీద ఒక ల్యాప్‌టాప్, ఆవకాయ జాడీ, బైబిలు, కళ్లజోడు పెట్టె ఉన్నాయి. జాడీ పక్కకు జరిపి మమ్మల్ని కూర్చోమన్నారు. టీ, చేగోడీలు పెట్టారు. రోడ్డు మీద లారీల హారన్లు ఆగినప్పుడల్లా మాట్లాడుకున్నాం.

ప్రవేశద్వారం వద్ద భద్రతా సిబ్బంది ఉన్నారా అన్నది మొదటి ప్రశ్న. కుక్క ఉంది గానీ ఎవర్నీ కరవదని ఆవిడ నిజాయితీగా చెప్పారు. 'పాక్షికంగా' అని రాశాను. అగ్నిమాపక పరికరం? వంటింట్లో నీళ్లున్నాయి. సంస్థ టర్నోవరు? ఆ ప్రశ్నకు ఆవిడ నవ్వి ఇంకో చేగోడీ వేశారు.

ఆ ప్రోగ్రాం ఎందుకు రాశారని నేను నా తరఫున అడిగాను. అది ఫారంలో లేని ప్రశ్న. వాళ్ల చర్చిలో క్రిస్మస్‌కి పాటల పుస్తకం వేద్దామనుకున్నారట. ప్రింటు తీస్తే ఒత్తులన్నీ ఊడిపోయి పాటలు పాడలేకుండా వచ్చాయట. క్వయర్‌లో ఆడపిల్లలు నవ్వాపుకోలేక ఆరాధన మధ్యలో బయటికి వెళ్లారట. సెలవుల్లో కూర్చుని సరిచేశానన్నారు. చేసింది పదిమందికీ పనికొస్తుందని ఇంటర్నెట్‌లో పెట్టానన్నారు. ఇప్పుడు దాన్ని ఎవరెవరు వాడుతున్నారో ఆవిడకు పూర్తిగా తెలియదు. ఏదన్నా చెడినప్పుడు మాత్రం తిడుతూ మెయిళ్లొస్తాయి కాబట్టి కొందరి గురించి తెలుస్తుంది.

"మీ సంస్థలో మొత్తం ఎంతమందండీ?" అని అడ్మినిస్ట్రేటర్ గారు అసలు విషయానికొచ్చారు.

"నేనొక్కదాన్నేనండి. పోర్చుగల్‌లో ఒకాయన ఉన్నారు, తప్పులు చూసిపెడతారు. ఆయన్ని నేనెప్పుడూ చూళ్లేదు."

"చూడని మనిషిని ఎలా నమ్ముతారు?"

"ఆయన్ని నమ్మనండి. ఆయన పంపింది చదువుతాను. నేను రాసింది ఆయన చదువుతారు. ఇద్దరం ఒప్పుకుంటేనే లోపలికెళ్తుంది."

అడ్మినిస్ట్రేటర్ గారు పెన్ను మూత పెట్టేశారు. ముప్పయ్యేళ్ల ఆడిట్‌లో ఆయన ఊరూరా తిరిగి చెప్పి, ఎక్కడా అమలు కాకుండా చూసి వచ్చిన నియమం అదే. ఒకరు చేసింది ఇంకొకరు చూడాలి.

అప్పుడు ఆవిడ లోపలికెళ్లి ఒక పొడుగాటి రిజిస్టరు తెచ్చారు. కాలేజీలో హాజరు వేసే రకం. ప్రోగ్రాంలో చేసిన ప్రతి మార్పూ అందులో చేత్తో రాసి ఉంది. ఎవరు పంపారు, ఎందుకు ఒప్పుకున్నారు, ఎందుకు ఒప్పుకోలేదు. అవన్నీ కంప్యూటర్లోనే ఉంటాయి గానీ రాసుకుంటే తనకు గుర్తుంటుందని అన్నారు. అడ్మినిస్ట్రేటర్ గారు రిజిస్టరును రెండు చేతులా అందుకున్నారు. మొదటి మనవణ్ణి ఎత్తుకున్నప్పుడు కూడా ఆయన అంత జాగ్రత్తపడి ఉండరని నా అనుమానం.

ఒక పేజీలో ఎర్ర సిరాతో గీత కనిపిస్తే ఏమిటని అడిగారు. ఎవరో ఒకతను కొన్ని నెలలపాటు వరసగా మెయిళ్లు పెట్టాడని ఆవిడ చెప్పారు. మీ పని గొప్పది, మీకు వయసైంది, విశ్రాంతి తీసుకోండి, అధికారం నాకివ్వండి, అన్నీ నేను చూసుకుంటానని. మొదట్లో చిన్నచిన్న తప్పులు సరిగ్గానే దిద్ది పంపాడట. తర్వాత ఒక పెద్ద మార్పు పంపాడు. అందులో ఒక వరుస ఆవిడకు అర్థం కాలేదు.

"ఈ వరుస ఎందుకు పెట్టావు బాబూ అని అడిగానండి. జవాబుగా నన్ను పొగిడాడు. మళ్లీ అడిగాను. ఇంకా ఎక్కువ పొగిడాడు. ఇంక మూడోసారి అడగలేదు."

"ఏం చేశారు?"

"వద్దని గీత కొట్టానండి. మా చర్చిలో కోశాధికారి పదవికి ఒకాయన ఇలాగే తిరిగారు. ఆయనక్కూడా ఇవ్వలేదు."

అంతవరకూ నేను చాలా సుఖంగా కూర్చుని ఉన్నాను. వేరొకరిని తనిఖీ చేయడంలో ఉన్న హాయి అలాంటిది. అప్పుడు ఆవిడ నావైపు తిరిగి, మామూలుగా, మీరు ఏ వెర్షన్ వాడుతున్నారండీ అని అడిగారు.

చెప్పాను. ఆవిడ చేతిలోని టీ కప్పు సాసరులో పెట్టారు. అది మూడేళ్ల కిందటిదని అన్నారు. ఆ తర్వాత అందులో ఒక కన్నం బయటపడిందట. పేరు రాసే గడిలో ఎవరైనా తెలిసినవాడు ఒక రకం అక్షరాల వరుస పెడితే, ఆ ప్రోగ్రాం సర్వర్‌లోని వేరే ఫైళ్లు కూడా తెరిచి ఆ కాగితం మీదే ప్రింటు చేసి ఇస్తుంది. అంటే ఒక రోగి తన కాగితంతో పాటు ఇంకొకరి జబ్బు వివరాలు కూడా ఇంటికి పట్టుకుపోవచ్చు. వారంలో పూడ్చి, వాడుతున్నామని పేరు నమోదు చేసుకున్న అందరికీ మెయిలు పంపానన్నారు. రెండుసార్లు పంపారట.

ఆ మెయిళ్లు నాకు వచ్చాయి. ఇలాంటివన్నీ వాటంతటవే వెళ్లి పడేలా నేనే ఒక ఫోల్డరు ఏర్పాటు చేసుకున్నాను. దాని పేరు 'తర్వాత చూద్దాం'.

అడ్మినిస్ట్రేటర్ గారు నన్ను చూశారు. ఆవిడ చూడలేదు. టీ ఇంకొంచెం పోయమంటారా అని అడిగి, చాలామంది అలాగే చేస్తారండీ, పనులుంటాయి కదా అన్నారు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

కారు గన్నవరం దాటింది. అప్పుడు అడ్మినిస్ట్రేటర్ గారు, ఆ ఉత్తరాలు ఎందుకు చదవలేదని అడిగారు. పని ఒత్తిడండీ అన్నాను. తన సర్వీసులో దొరికిపోయిన ప్రతివాడూ సరిగ్గా ఇదే మాట చెప్పాడని ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. గదికి వెళ్లి కొత్త వెర్షన్ పెట్టాను. మూడేళ్లుగా తీరిక దొరకని ఆ పనికి పట్టింది ఇరవై నిమిషాలు. పాత ప్రింట్ల చిట్టా మొత్తం రెండు రోజులు కూర్చుని చూశాను. ఎవరూ ఆ కన్నంలోంచి దూరినట్టు కనపడలేదు. నా అదృష్టాన్ని భద్రతా విధానం అని పిలుచుకుని ఆ రోజుకి ఊపిరి పీల్చుకున్నాను.

కమిటీ మాత్రం ఫారం ప్రకారం నడిచింది. వాచ్‌మన్ లేడు, టర్నోవరు లేదు, రిజిస్టరైన కంపెనీ కాదు. కాబట్టి అనర్హం. రిజిస్టరు గురించి అడ్మినిస్ట్రేటర్ గారు చెప్పబోతే, చేత్తో రాసిన రిజిస్టర్లకు ఫారంలో గడి లేదన్నారు. మూడేళ్లు మెయిలు చదవని ఉద్యోగికి కూడా గడి లేదు. ఆ విషయంలో నేను ఫారాన్ని తప్పుపట్టలేదు.

ప్రత్యామ్నాయంగా పటమటలో ఒక కంపెనీని ఎంచుకున్నారు. ఆ కంపెనీకి అద్దాల తలుపులున్నాయి. లిఫ్టుంది. వాచ్‌మన్ లేచి సెల్యూట్ కొట్టాడు. గోడ మీద ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లున్నాయి. ప్రతి అంతస్తులోనూ ఎర్రటి అగ్నిమాపక పరికరం ఉంది. ఫారం దానికోసమే పుట్టినట్టు నిండిపోయింది. టై కట్టుకున్న సేల్స్ మేనేజరు తెలుగు ప్రింటు వాళ్ల సొంత టెక్నాలజీ అని, ఏళ్ల పరిశోధన అని చెప్పి, నమూనా కాగితం ఒకటి తీసిచ్చాడు.

ఆ కాగితం మీద రోగి పేరు చోట 'ప్రజ్ఞ' అని ఉంది. అందులో 'జ్ఞ' మిగతా అక్షరాలకన్నా వెంట్రుకవాసి పైకి లేచి కూర్చుంది. మూడేళ్లు మా కాగితాల మీద ఆ 'జ్ఞ' అలాగే లేచి కూర్చోవడం చూశాను. కొత్త వెర్షన్ పెట్టాకే దిగి కూర్చుంది.

పరీక్షించి చూస్తామని చెప్పి వాళ్ల సాఫ్ట్‌వేర్‌ను నెల రోజులకు తెచ్చుకున్నాను. లోపలి ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచాను. పైన ఆవిడ పేరు ఉండాల్సిన చోట కంపెనీ పేరుంది. ఆవిడ పేరు ఉంచితే చాలు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నదే ఆవిడ పెట్టిన ఒకే ఒక్క షరతు. అయితే పేరు తీసినవాడికి కిందికంటా చదివే ఓపిక లేకపోయింది. సగం దూరంలో, ప్రోగ్రాం రాసేవాళ్లు తమకోసం రాసుకునే సూచనల మధ్య, తెలుగులో ఒక వాక్యం కనపడింది: 'ఈ వరుస తీయకండి, తీస్తే క్రిస్మస్ పాటల పుస్తకం పాడవుతుంది.'

ఏళ్ల పరిశోధన. ఆ కన్నం కూడా అలాగే ఉంది. నా పరీక్ష కంప్యూటర్‌లో ఆవిడ చెప్పిన అక్షరాల వరుస పేరు గడిలో పెట్టి ప్రింటు తీశాను. ఆ కంప్యూటర్‌లో నేను దాచిన వేరే ఫైలు చక్కగా, ఒత్తులతో సహా, కాగితం మీదకొచ్చింది.

ఆ వాక్యం ఉన్న పేజీని కూడా ప్రింటు తీసి, రెండు కాగితాలూ అడ్మినిస్ట్రేటర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన ఆ పాటల పుస్తకం వాక్యాన్ని రెండుసార్లు చదివారు. అప్పటికప్పుడు కంపెనీకి ఫోన్ చేశారు. ఫిర్యాదు నమోదు చేసుకోండి, మా టీమ్ చూస్తుందని వాళ్లన్నారు. టీమ్ ఎక్కడుందో నాలుగు రోజులకు తెలిసింది. హనుమాన్ జంక్షన్ నుంచి ఆవిడ నాకొక మెయిలు ఫార్వర్డ్ చేశారు. పటమట కంపెనీ ఆవిడకు రాసింది. మీ ప్రోగ్రాంలో తీవ్రమైన లోపం ఉంది, ఇరవై నాలుగు గంటల్లో సరిచేసి లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వాలి, జత చేసిన భద్రతా ఫారం నింపి పంపాలి, అని. నేను నింపాలా అండీ అని ఆవిడ నన్నడిగారు. అక్కర్లేదన్నాను. వాళ్లకు ఆవిడ ఒక్క ముక్కే రాశారు. మూడేళ్ల కిందటే సరిచేశాను, దయచేసి కొత్తది తీసుకోండి, నా పేరు తిరిగి పెట్టండి.

మా కమిటీ మళ్లీ కూర్చుంది. ఈసారి అడ్మినిస్ట్రేటర్ గారు రెండు కాగితాలు పట్టుకుని మాట్లాడారు. ఆయన గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"ఈ ఫారంతో మనం కనుక్కున్నది వాచ్‌మన్ ఉన్నాడా లేడా అనేనండీ. రాసింది ఎవరన్నా చదువుతున్నారా లేదా అని ఇందులో ఎక్కడా అడగలేదు. తప్పు నాదే, నేనే ఆమోదించాను."

పటమట కంపెనీ ప్రతిపాదన పక్కకు పోయింది. కానీ ఫారంలో సరఫరాదారు అన్న గడి ఖాళీగా ఉండకూడదని కమిటీలో ఒకాయన పట్టుబట్టారు. చాలాసేపు చర్చించి చివరికి ఆ గడిలో కంప్యూటర్ల విభాగం అని రాశారు. అంటే నేను. ఆ విధంగా ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ సరఫరా చేసే సంస్థగా మారాను. నా స్టోర్‌రూమ్ గోడకు ఒక అగ్నిమాపక పరికరం తగిలించారు. నాకొక పొడుగాటి రిజిస్టరు ఇచ్చారు. వాడుతున్న ప్రతి ఉచిత ప్రోగ్రాంకు వచ్చిన మార్పులు, హెచ్చరికలు ప్రతి సోమవారం చదివి, చదివానని రాసి సంతకం పెట్టాలి. నెలాఖరుకి అడ్మినిస్ట్రేటర్ గారు చూసి పక్కన సంతకం పెడతారు.

మొదట్లో ఆ రిజిస్టరంటే మంట పుట్టేది. రెండు మూడు సోమవారాలు చదవకుండానే రాశాను కూడా. నాలుగో వారం ఆయన మధ్యలో ఒక పేజీ తెరిచి, ఇందులో ఏముందో చెప్పండని అడిగారు. ఆ తర్వాత నిజంగానే చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే భయం తగ్గి కొంచెం కొంచెంగా ఇష్టం పుట్టింది. ఎవరో తెలియని మనుషులు ఒకరి తప్పులు ఒకరు ఎంత మర్యాదగా దిద్దుకుంటారో చూస్తుంటే, మా ఆసుపత్రి మీటింగులకు వాళ్లను పిలవాలనిపించేది.

ఆవిడకు ఆసుపత్రి తరఫున శాలువా కప్పాలని కమిటీ తీర్మానించింది. చేతగాని పనులకు మన దగ్గర శాలువా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆవిడ వద్దన్నారు. దానికి బదులు ఇంకొకటి అడిగారు. మందుల పేర్లలో, జబ్బుల పేర్లలో వచ్చే కష్టమైన అక్షరాలు తనకు తెలియవట. సరిగ్గా ప్రింటు కాని మాటలు కనపడితే రాసి పంపమన్నారు. రోగుల పేర్లు మాత్రం వద్దు, మాటలు చాలన్నారు.

ఆ పని నేను హెడ్ నర్సు గారికి అప్పజెప్పాను. ఆవిడ నాకన్నా శ్రద్ధ గల మనిషి. ఇప్పుడు వార్డుల్లోంచి చీటీలొస్తాయి. 'స్ట్రెప్టోమైసిన్'లో మూడో ఒత్తు తేలిపోతోందని ఒకటి, 'ఆర్థ్రైటిస్' ఎవరికీ చదవరావడం లేదని ఇంకొకటి. శుక్రవారం సాయంత్రం వాటిని పోగుచేసి హనుమాన్ జంక్షన్‌కు పంపుతాను. కిందటి నెల మొదటిసారిగా ఒక తప్పు ఎక్కడుందో నేనే కనిపెట్టి, దిద్ది పంపాను. హనుమాన్ జంక్షన్ ఆవిడ రెండు ప్రశ్నలడిగారు. పోర్చుగల్ ఆయన ఒకటి అడిగారు. మూడింటికీ జవాబు చెప్పడానికి నాకు వారం పట్టింది. ఒప్పుకున్నామని మెయిలు వచ్చినప్పుడు ఎక్స్‌రే గది దగ్గర వరుసలో నిలబడ్డవాళ్లందరికీ వెళ్లి చెప్పాలనిపించింది. చెప్పలేదు. వాళ్ల బాధలు వాళ్లకున్నాయి. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఇందుకు నీకేమన్నా ఇస్తారా అని అడిగింది. ఇవ్వరన్నాను. మరి అంత సంతోషమెందుకని అడుగుతూనే, ఫిల్టర్ కాఫీ ఇంకో కప్పు కలపడానికి లేచింది.